తిరిగొచ్చిన ఇహ్రామ్ మూట

ఉమ్రాకు బయలుదేరిన కుటుంబం సగం దారి నుంచి ఇంటికి తిరిగొస్తే ఇరుగు పొరుగు ఏమంటారు? మా అనంతపురం పల్లెల్లో, ముస్లిం వాడల్లో అలాంటప్పుడు తడుముకోకుండా వచ్చే మాట ఒకటుంది: "బులావా నై ఆయా!" అల్లాహ్ ఇంటి నుంచి పిలుపు రాలేదని దాని అర్థం. చాలామంది దీన్ని ఓదార్పుగానే అంటారు. విన్నవారికి మాత్రం అది ఓదార్పుగా వినిపించదు. 'అందరినీ పిలిచి నన్ను మాత్రం వద్దన్నాడా?' అనే ప్రశ్నగా మారి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వదు. 2020లో ఒక పెద్దాయనకు అలాగే జరిగింది. ఆయన వెంట విమానాశ్రయం దాకా వెళ్ళి, ఆయనతోపాటే తిరిగొచ్చినవాళ్ళం కనుక ఆ సంగతి పాఠక సోదర సోదరీమణులకు చెప్పాలనుకుంటున్నాం.

ఆ కుటుంబానిది అనంతపురానికి దగ్గరలోని ఒక పల్లె. పెద్దాయనకు అప్పటికి డెబ్బై ఏళ్ళు. నాలుగెకరాల మెట్ట చేను. వాన పడితే వేరుశనగ (మా వైపు చెనక్కాయలంటాం), పడకపోతే బీడు. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో రైతుకు 'ఇన్షా అల్లాహ్' అనే మాటను మదరసాలో నేర్పనక్కరలేదు. జూన్ నెలలో విత్తనం సిద్ధం చేసుకొని ఆకాశం వైపు చూసేవాడికి అది తనంతట తానే వస్తుంది. పెద్దకొడుకు సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో డ్రైవరు. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. అతను పంపిన డబ్బు కొంత, పెద్దాయన గొర్రెలు అమ్మిన డబ్బు కొంత కలిపి అయిదుగురికి ఉమ్రా ఏర్పాటు చేసుకున్నారు. పెద్దాయన, ఆయన భార్య, చిన్నకొడుకు, కోడలు, ఎనిమిదేళ్ళ మనవరాలు. పెద్దకొడుకు దమ్మామ్ నుంచి బస్సులో వచ్చి మక్కాలో వారిని కలుసుకోవాలని అనుకున్నారు. పెద్దమ్మ ఉమ్రా సామాను కంటే ముందు కొడుకు కోసం చింతకాయ ఊరగాయ, చెనక్కాయల పొడి సర్దిందని కోడలు నవ్వుతూ చెప్పింది. తల్లి మనసు అలాంటిది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

బయలుదేరే ముందు రాత్రి ఊరంతా వచ్చింది. మా పల్లెల్లో ఉమ్రాకు వెళ్ళేవారిని సాగనంపడమంటే పెళ్ళితో సమానం. పూలదండలు, అలాయి బలాయిలు, భోజనాలు. హిందూ సోదరులు కూడా వచ్చి కొబ్బరికాయలు, పండ్లు ఇచ్చి "మా కోసం కూడా మొక్కు పెద్దాయనా" అని చెప్పి వెళ్ళారు. ఎవరెవరు ఏ దుఆ కోరారో మరచిపోకుండా మనవరాలు నోటుపుస్తకం కాగితాలు చింపి, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క చీటీగా తెలుగులో రాసింది. కూతురి పెళ్ళి, కొడుకు ఉద్యోగం, కోర్టు కేసు, బోరులో నీళ్ళు. ఇరవైమూడు చీటీలయ్యాయి. వాటిని చిన్న గుడ్డసంచిలో వేసి పెద్దమ్మ నడుముకు కట్టుకుంది.

ఫిబ్రవరి 27, గురువారం. ఫజర్ నమాజు కాగానే వ్యాను బయలుదేరింది. మా ప్రాంతంవారికి హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర, సుమారు రెండువందల కిలోమీటర్లు. పెనుకొండ దాటాం, కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో ప్రవేశించాం. బాగేపల్లి దగ్గర టీ కోసం ఆగినప్పుడు దమ్మామ్ నుంచి ఫోను వచ్చింది. ఆ తెల్లవారుజామునే సౌదీ ప్రభుత్వం విదేశాల నుంచి ఉమ్రా కోసం, మదీనాలోని మస్జిదె నబవీ సందర్శన కోసం వచ్చేవారి ప్రవేశాన్ని తాత్కాలికంగా నిలిపివేసిందని కొడుకు చెప్పాడు. కారణం కొత్తగా వచ్చిన కరోనా వ్యాధి. అప్పటికి మన దేశంలో కేరళలో ముగ్గురికి సోకి నయమైందని పత్రికల్లో చదివాం, అంతే. వ్యానులో ఎవరూ నమ్మలేదు. "వీసా చేతిలో ఉంది కదా హజ్రత్, వీసా ఉన్నవాళ్ళను ఎట్లా ఆపుతారు?" అని చిన్నకొడుకు మమ్మల్ని అడిగాడు. మాకేం తెలుసు? వెళ్ళి చూద్దామన్నాం.

దేవనహళ్ళిలో విమానాశ్రయం బయట అప్పటికే చాలా కుటుంబాలు నేలమీద కూర్చుని ఉన్నాయి. కొందరు మగవాళ్ళు ఇహ్రామ్ వస్త్రాలు ధరించి ఉన్నారు. టికెట్లు ఇచ్చిన ఏజెంటు ఫోను ఎత్తడం లేదు. ఆ రోజు మన దేశంలోనే కాదు, అనేక దేశాల విమానాశ్రయాల్లో ఉమ్రా యాత్రికులు ఇలాగే ఆగిపోయారు.

మా గడ్డం, టోపీ చూసి ఒక యువకుడు దగ్గరికి వచ్చాడు. ఒంటిమీద ఇహ్రామ్, కళ్ళనిండా నీళ్ళు. "హజ్రత్, ఇహ్రామ్ కట్టుకున్నాను. ఉమ్రా చేయకుండా విప్పితే ఖుర్బానీ ఇవ్వాలంటున్నారు, నిజమేనా?" అన్నాడు. నియ్యత్ చేసి తల్బియా చదివావా అని అడిగాం. ఇంకా లేదు, విమానంలో మీఖాత్ రాకముందు చేసుకోమన్నారని చెప్పాడు. అయితే నీమీద ఏదీ లేదు నాయనా, ఇవి ఇప్పటికి ఉత్త తెల్ల గుడ్డలే, నిశ్చింతగా విప్పుకో అన్నాం. అతను మా చేయి పట్టుకొని వదలలేదు.

ఈ విషయం చాలామందికి తెలియదు కనుక ఇక్కడ కాస్త ఆగి చెబుతాం. వస్త్రం కట్టుకోవడం ఇహ్రామ్ కాదు. మనసులో సంకల్పించి తల్బియా పలికినప్పుడు ఇహ్రామ్ మొదలవుతుంది. మన దేశం నుంచి నేరుగా మక్కాకు వెళ్ళేవారి మీఖాత్ యలమ్లమ్. విమానం ఆ హద్దు దాటకముందే నియ్యత్ చేసుకుంటే చాలు. ఇంట్లోనే నియ్యత్ చేసి బయలుదేరాలనే తొందర వద్దని మేము ఎప్పుడూ చెబుతుంటాం. నియ్యత్ చేసి, తల్బియా పలికిన తరువాత దారి మూసుకుపోతే దాన్ని 'ఇహ్సార్' అంటారు. అప్పుడు హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం హరమ్ హద్దుల్లో ఒక జంతువును జిబహ్ చేయించి, ఆ తరువాతే ఇహ్రామ్ నుంచి బయటపడాలి. వీలైనప్పుడు ఆ ఉమ్రాను ఖజా చేయాలి. ఆ రోజు అక్కడ అలాంటివారు ఇద్దరు ముగ్గురు కనిపించారు. వారిని తమ ఊరి ముఫ్తీగారికి ఫోను చేయమన్నాం. అలాంటి విషయంలో దారిన పోయే ఉపాధ్యాయుడి మాట చాలదు.

సాయంత్రందాకా ఉన్నాం. తరువాత వ్యాను వెనక్కి తిరిగింది. చిక్కబళ్ళాపూర్ దాటాక పెద్దాయన మొదటిసారి నోరు విప్పారు. "హజ్రత్, ఎక్కడైనా ఆగి పొద్దుపోయాక ఊళ్ళోకి పోదాం. వెలుతురు ఉన్నప్పుడు వద్దు." అప్పటికే చీకటి పడుతోందని ఆయన గమనించనేలేదు. దొంగతనం చేసినవాడిలా ముఖం దాచుకోవాలనుకుంటున్నాడే అని మాకు బాధ కలిగింది. ఆ దారిలోనే ఆయనకు హుదైబియా సంగతి చెప్పాం. ఆయన వినని కథ కాదు. కానీ ఆ రోజు విన్నట్టుగా అంతకుముందెప్పుడూ విని ఉండరు.

హిజ్రీ 6వ సంవత్సరం, జుల్‌ఖాదా నెల. ఉమ్రా చేస్తున్నట్టు దైవప్రవక్త ముహమ్మద్ (స) కలగన్నారు. ప్రవక్తల కల అబద్ధం కాదు. దాదాపు 1,400 మంది సహాబీలు ఆయన వెంట మదీనా నుంచి బయలుదేరారు. జుల్‌హులైఫా వద్ద ఇహ్రామ్ కట్టారు, ఖుర్బానీ ఒంటెలకు దండలు వేశారు. ముహాజిర్లు పుట్టిన ఊరిని చూసి ఆరేళ్ళయింది. మక్కా ఇక ఇరవై కిలోమీటర్లకు కాస్త పైన అనగా హుదైబియాలో ఆగవలసి వచ్చింది. ఆ చోటును ఇప్పుడు షుమైసీ అంటారు. అక్కడి బావిలో నీళ్ళు కూడా అడుగంటాయి. దైవప్రవక్త (స) ఇచ్చిన బాణాన్ని అందులో నాటగా నీరు ఉబికిందని హదీసు గ్రంథాల్లో ఉంది. నీళ్ళ విలువ మా జిల్లావారికి వేరే చెప్పాలా! పెద్దాయన అక్కడ మాత్రం తలెత్తి "సుబ్‌హానల్లాహ్" అన్నారు.

చివరకు ఖురైషుల తరఫున సుహైల్ బిన్ అమ్ర్ వచ్చాడు. ఒప్పందం రాసుకున్నారు. ఈ ఏడాది తిరిగి వెళ్ళిపోవాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులుండవచ్చు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే తట్టుకోలేకపోయారు. కాబాకు వెళతామని మీరు చెప్పలేదా అని అడిగారు. చెప్పాను, కానీ ఈ ఏడాదే అని చెప్పానా అని దైవప్రవక్త (స) తిరిగి ప్రశ్నించారు. లేచి ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోండని మూడుసార్లు ఆదేశించినా ఎవరూ కదలలేదు. అవిధేయతతో కాదు, దుఃఖంతో. ఆయన గుడారంలోకి వెళ్ళి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు చెప్పుకున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు మీరే మీ ఒంటెను జిబహ్ చేయండి, మంగలిని పిలిపించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు. ఒకరి తల ఒకరు గొరుగుతూ, దుఃఖంలో ఒకరినొకరు గాయపరచుకునేంత పని చేశారు. తిరుగుదారిలో ఫత్హ్ సూరా అవతరించింది. ఫత్హ్ అంటే విజయం. వెనుదిరిగి వస్తున్నవారికి దాన్ని విజయమని చెప్పాడు అల్లాహ్. మరుసటి ఏడాది వెళ్ళి ఉమ్రా చేశారు.

"వాళ్ళు ఏ వేళకు మదీనా చేరారు హజ్రత్?" అని పెద్దాయన అడిగారు. మాకు తెలియదన్నాం. "చీకట్లో మాత్రం పోయి ఉండరు" అన్నారాయన. ఊళ్ళోకి వచ్చేసరికి రాత్రి పది దాటింది. అయినా వాడ మొదట్లోనే వ్యాను దిగి, ఇహ్రామ్ మూట చంకన పెట్టుకొని, అరుగులమీద కూర్చున్నవాళ్ళందరికీ సలాం చెబుతూ ఇంటికి నడిచివెళ్ళారు.

మరునాడు జుమా. నమాజు తరువాత మసీదు ముందు నలుగురు చేరారు. అక్కడే వచ్చింది ఆ మాట, "బులావా నై ఆయా చాచా, క్యా కర్తే!" అన్నాడొకాయన. ఇంకొకాయన అంతటితో ఆగలేదు. సంపాదనలో ఎక్కడో ఏదో లోపముంటేనే ఇట్లా జరుగుతుందని తెలుగులో, అందరికీ వినపడేటట్టు అన్నాడు. పెద్దాయన తల వంచుకొని చెప్పులు వేసుకున్నారు. మేము కోపం ఆపుకోలేకపోయాం. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పై ఏళ్ళు గడిచినా ఈ బలహీనత పోలేదు.

ఆ పెద్దమనుషులకు అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాం. హజ్జ్ పిలుపు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని తేల్చే లెక్క మన చేతిలో లేదు. జనులందరికీ హజ్జ్ గురించి ప్రకటించమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అ)కు ఆదేశమైంది. ఆ పిలుపు ఏనాడో వచ్చేసింది. ఇక దివ్య ఖుర్ఆన్ హజ్జ్‌ను విధిగా చేసినప్పుడు పెట్టిన షరతు ఏమిటి? అక్కడికి చేరే దారి, స్థోమత. దారి క్షేమంగా ఉండడం ఆ స్థోమతలో భాగమని ఫుఖహాలు రాశారు. దారి మూసినవారు ఎవరైనా కావచ్చు, కారణం యుద్ధం కావచ్చు, వ్యాధి కావచ్చు. మూసుకున్నంతకాలం ఆగినవాడిమీద నింద లేదు. హిజ్రీ 317లో ఖరామితాలు మక్కామీద పడి యాత్రికులను చంపి హజ్రె అస్వద్‌ను ఎత్తుకుపోయారు. అది తిరిగి కాబాకు చేరేసరికి ఇరవై రెండేళ్ళయింది. ఆ కల్లోలంలో దారులు మూసుకుపోయి హజ్జ్‌కు పోలేకపోయిన లక్షలమందిని అల్లాహ్ పిలవలేదని అందామా?

వ్యాధి సంగతికి వస్తే, హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరారు. ముందు మహమ్మారి వ్యాపించిందని అక్కడ తెలిసింది. సహాబీలతో సంప్రదించి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే పోతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. పచ్చికలేని వైపు, పచ్చికున్న వైపు రెండు గట్లుంటే ఒంటెను ఎటు మేపినా అల్లాహ్ నిర్ణయంతోనే కదా అన్నారు. తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానన్నారు. ఇది బుఖారీలో ఉంది. తిరిగి వచ్చిన ఖలీఫాను మదీనాలో ఎవరూ పిలుపు రాలేదా అని అడగలేదు.

ఆ తరువాతి సంగతులు అందరికీ తెలిసినవే. మార్చి 4న సౌదీలో నివసించేవారికి కూడా ఉమ్రా నిలిపివేశారు. దమ్మామ్ కొడుకు బస్సు టికెట్టు కూడా రద్దయింది. ఖాళీ అయిన మతాఫ్ చిత్రం ఫోనులో చూసి పెద్దమ్మ ఏడ్చింది. మార్చి 25 నుంచి మన దేశమంతా లాక్‌డౌన్. మన మసీదుల తలుపులు కూడా మూతపడ్డాయి. జూన్ 22న హజ్జ్‌ను సౌదీలో ఉన్న కొద్దిమందికే పరిమితం చేస్తున్నట్టు ప్రకటించారు. మరునాడే మన ప్రభుత్వం ఎవరినీ పంపడం లేదని, 2 లక్షల 13 వేల మంది దరఖాస్తుదారుల డబ్బు కోత లేకుండా తిరిగి ఇస్తామని చెప్పింది. 2021లోనూ సౌదీలో ఉన్న 60 వేలమందికే అవకాశమిచ్చారు. 2022లో బయటివారికి దారి తెరిచారు గానీ, 65 ఏళ్ళ లోపువారికే. 2020లో అరవై నాలుగేళ్ళతో పెట్టె సర్దుకున్నవాడు 2022 నాటికి అరవై ఆరేళ్ళవాడయ్యాడు. ఆ ఏడాది మన జిల్లాలో ఎందరి ఇళ్ళలో ఈ లెక్క వేసుకొని కుమిలిపోయారో! 2023లో ఆ వయోపరిమితి తొలగించారు. అప్పటికి కొందరు లేరు.

అలా హజ్జ్ చేయకుండానే పోయినవారి పిల్లలు తరచుగా అడుగుతుంటారు. హజ్జ్ విధి అయి, తన తరఫున చేయించమని వసీయత్ చేసి ఉంటే, ఆస్తిలో మూడోవంతుకు లోబడి వారసులు హజ్జె బదల్ చేయించాలి. వసీయత్ లేకపోయినా పిల్లలు తమ ఇష్టంతో చేయవచ్చు. తల్లి మొక్కుకున్న హజ్జ్ గురించి అడిగిన జుహైనా తెగ స్త్రీకి, తల్లి అప్పు తీర్చినట్టే తీర్చమని దైవప్రవక్త (స) చెప్పారు. ఉమ్రా సంగతి వేరు. హనఫీల వద్ద అది సున్నత్, ఫర్జ్ కాదు. చేయకుండా పోయినవారిమీద అప్పు మిగలదు. మంచి పనిని సంకల్పించి చేయలేకపోయినవారికి సైతం ఒక పూర్తి పుణ్యం రాయబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న హదీసు ద్వారా తెలుస్తోంది.

పెద్దాయన డబ్బులో సగానికి పైగా చాలా నెలల తరువాత తిరిగి వచ్చింది. మిగతాది రాలేదు. రసీదు మీద ఏమి రాసి ఉందో డబ్బు కట్టేముందు చదివించుకోండని ఈ సందర్భంగా మనవి. వచ్చిన డబ్బుతో పెద్దాయన పనులు లేక పస్తులున్న ఇళ్ళకు బియ్యం, నూనె పంచుతానన్నారు. ఇంట్లో గొడవైంది. "అది నా మొగుడి అన్న చెమట. మామ ఇష్టమొచ్చినట్టు పంచడానికి కాదు" అంది కోడలు. హజ్జ్ కోసం దాచిన సొమ్మును పొరుగింటి ఆకలికి ఇచ్చేసి, ఇంట్లో ఉండే హజ్జ్ పుణ్యం పొందిన డమాస్కస్ చెప్పులు కుట్టేవాడి కథ సూఫీల గ్రంథాల్లో ప్రసిద్ధం. ఆ కథ చెప్పి కోడలి నోరు మూయించమని మమ్మల్ని పిలిచారు. మేము చెప్పలేదు. ఆ చెప్పులు కుట్టేవాడు ఇచ్చింది తన సొమ్ము. ఇక్కడ సగం కొడుకుది. ముందు అతన్ని అడగమన్నాం. దమ్మామ్‌కు ఫోను చేశారు. గొర్రెల డబ్బు మీ ఇష్టం, నాది మాత్రం అమ్మ ఉమ్రాకు ఉంచండి అన్నాడు కొడుకు. న్యాయమైన మాట. అలాగే చేశారు.

2021 ఆగస్టులో పెద్దాయన గుండెపోటుతో అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పెద్దకొడుకు రాలేకపోయాడు. చిన్నకొడుకు ఆ ఇహ్రామ్ మూట తెచ్చి మా ముందు పెట్టాడు. వీటినే కఫన్‌గా వాడవచ్చా అని అడిగాడు. వాడవచ్చు, పురుషుడికి మూడు వస్త్రాలు సున్నత్ కనుక ఇంకొకటి చేర్చమన్నాం. "అయితే హజ్రత్, అరఫాత్‌లో ఒంటె మీద నుంచి పడి మరణించిన సహాబీకి తల కప్పలేదని మీరే చెప్పారు కదా, అబ్బాకు కూడా అట్లా..." అని ఆగిపోయాడు. ఆ సహాబీ ఇహ్రామ్ స్థితిలో ఉన్నారు, మీ అబ్బా నియ్యత్ దాకా రాలేదు, అదీగాక మన హనఫీ ఉలమా దాన్ని ఆ సహాబీకే ప్రత్యేకమైన ఆదేశంగా చూస్తారు, అందరికీ చేసినట్టే కప్పి అత్తరు పూయమన్నాం. ఆ మాట చెప్పడం మాకు తేలిక కాలేదు. కానీ దుఃఖం చూసి మసలాను మార్చలేం కదా.

2022 చివరలో పెద్దమ్మ చిన్నకొడుకుతో కలిసి ఉమ్రాకు వెళ్ళింది. పెద్దకొడుకు దమ్మామ్ నుంచి మక్కా వచ్చాడు. తల్లీకొడుకులు దాదాపు ఆరేళ్ళ తరువాత కలుసుకున్నారు. తన ఉమ్రా అయ్యాక, తండ్రి పుణ్యం కోసం అతను తన్ఈమ్ వెళ్ళి ఇహ్రామ్ కట్టి మరో ఉమ్రా చేశాడు. పెద్దమ్మ నడుముకు అదే గుడ్డసంచి ఉంది. ఆమెకు చదువు రాదు. హరమ్‌లో కూర్చుని కొడుకు ఒక్కొక్క చీటీ చదువుతుంటే ఆమె చేతులెత్తి దుఆ చేసింది. మధ్యలో మాకు ఫోను చేశారు. చీటీ రాయించినవాళ్ళలో ఇద్దరు ఈలోగా చనిపోయారు, వాళ్ళకేం అడగాలి అని. మగ్‌ఫిరత్ అడగమన్నాం. పెళ్ళి కావాలని రాయించిన అమ్మాయికి అప్పటికే ఒక బిడ్డ. ఆ చీటీ చదివినప్పుడు ఆ ఇద్దరూ నవ్వుకున్నారట. బోరులో నీళ్ళు పడాలని రాయించినాయన చీటీని మాత్రం ఉన్నదున్నట్టు చదివారు. ఆయన అప్పటికి రెండో బోరు వేయించాడు. అందులోనూ నీళ్ళు పడలేదు.